ఇంటి గోడలోని తీగె

విద్యుత్తు చరిత్రను వ్రాయువారు సామాన్యముగా ఆనకట్టలతోను, విద్యుత్కేంద్రములతోను కథ ప్రారంభింతురు. ఏ సంవత్సరమున ఎన్ని మెగావాట్లు, ఎవరి చేతులమీదుగా ప్రారంభోత్సవము అను విషయములన్నియు గ్రంథస్థములై యున్నవి. స్వాతంత్ర్యము వచ్చిన 1947 నాటికి దేశమంతటి ఉత్పాదక సామర్థ్యము 1,362 మెగావాట్లేనని పాఠ్యపుస్తకములు చెప్పుచున్నవి. మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము 1955లో పనిచేయ నారంభించినదని మన తెలుగువారిలో పెద్దలకు జ్ఞాపకమే. కాని ఆ విద్యుత్తు వందల మైళ్ళు నడచివచ్చి, మన గుమ్మము దాటి, మీటరును తిప్పి, గోడ లోపల మరి నలుబది ఏబది అడుగులు ప్రయాణము చేసి దీపమును చేరును. ఈ కడపటి మజిలీని గూర్చి వ్రాసినవారు అరుదు. ఈ వ్యాసకర్త ఇంజనీరు కాడు. చరిత్ర చదివి, దస్త్రములలో జీవితము గడుపుచున్న సచివాలయోద్యోగి. అయినను ఈ చిన్న తీగెకును ఒక చరిత్ర కలదనియు, దానిని తెలిసికొనుట మన కుటుంబములకు అవసరమనియు తోచి ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాను.

మన వాడుక భాషలో ఒక వింత యున్నది. విద్యుత్తును మనము ‘కరెంటు’ అందుము. కరెంటు వచ్చినది, కరెంటు పోయినది, కరెంటు బిల్లు కట్టితిమి అని పల్లెటూరి ముసలమ్మ మొదలు మంత్రిగారి వరకు అందరి మాటయు నిదియే. శాస్త్రరీత్యా కరెంటు అనగా తీగెలోని ప్రవాహము మాత్రమే. బిల్లు వేయబడునది ప్రవాహమునకు కాదు, శక్తికి. అయినను ఈ తప్పు మాటలో ఒక నిజము దాగియున్నది. మీటరు ఎరుగునది శక్తినే గాని, గోడలోని తీగె ఎరుగునది కరెంటునే. ప్రవాహము రెండింతలైనచో తీగెలో వేడిమి రూపమున నష్టమగు శక్తి రెండింతలు కాదు, నాలుగింతలు అగును. ఈ ఒక్క సూత్రము జ్ఞాపక ముంచుకొన్నచో తరువాతి కథ యంతయు సుబోధకమగును.

విద్యుద్దీపము భారతదేశమున మొదట కలకత్తాలో 1879లో ప్రదర్శింపబడెను. చెన్నపట్టణమున 1895లోనే విద్యుత్ ట్రాములు నడచినవి. కలకత్తాలో 1899లో విద్యుత్కేంద్రము వెలసినది. ఢిల్లీకి విద్యుత్తు కొంత ఆలస్యముగా వచ్చినది. 1903 నాటి చట్టము క్రింద జాన్ ఫ్లెమింగు అను ఆంగ్ల కంపెనీ అనుమతి పొంది, 1905లో పాత ఢిల్లీలో ఒక చిన్న డీజిలు కేంద్రమును నెలకొల్పెను. 1911లో రాజధాని మార్పు ప్రకటింపబడిన యేడే ఆవిరి యంత్రములును వచ్చి చేరినవి. 1932లో సెంట్రల్ పవర్ హౌసు నిర్వహణము న్యూఢిల్లీ మునిసిపల్ కమిటీకి అప్పగింపబడినది. మనలో అనేకులు నేటికిని ఆ సంస్థకు రూపాంతరమైన మునిసిపల్ కౌన్సిలుకే బిల్లు చెల్లించుచున్నారు.

ఆ తొలినాళ్ళలో ఇంటిలో విద్యుత్తు అనగా దీపమే. గదికొక్క దీపము, సంపన్నుల ఇంట ఒక పంకా. కావున తీగె సన్ననిది చాలెను. గోడమీద పింగాణి బిళ్ళలు బిగించి వాని నడుమ తీగెలను సాగదీయుట ఒక పద్ధతి. గాడులు తొలిచిన కొయ్యపట్టీలలో తీగెలనుంచి పైన మూతపట్టీ మేకులతో కొట్టుట మరియొక పద్ధతి. దీనిని ‘కేసింగు కేపింగు’ అనిరి. తరువాత టేకుపట్టీమీద రబ్బరు తొడుగు తీగెను పరచి రేకు క్లిప్పులతో బిగించు పద్ధతి వచ్చినది. పాత బంగళాలలోను, పాత రైల్వే క్వార్టర్సులలోను ఇవి మొన్నమొన్నటి వరకు కనబడుచుండెను. గుండ్రని కొయ్యదిమ్మ, దానిమీద నల్లని బేకలైటు స్విచ్చి, క్రిందికి లాగిన దీపము వెలుగు స్విచ్చి అలవాటు చిన్ననాడు తాతగారి యింట చూచినవారికి తెలియును. చెదలు ఆ కొయ్యను తినివేసెడివి. రబ్బరు తొడుగు పదునైదు ఇరువది వేసవులు కాగానే ఎండి, పగిలి, వ్రేలితో తాకిన పొడియై రాలెడిది. దానికన్న మన్నికైన పి.వి.సి. తొడుగు తీగెలు ఏబదవ దశకము నుండి క్రమముగా వ్యాపించినవి.

ఆ కాలపు కొలతలు నేటికిని మన ఎలక్ట్రీషియనుల నోట నిలిచియున్నవి. ‘మూడు బై ఇరువదిరెండు’ అనగా 22వ గేజి తంతువులు మూడు పెనవేసిన తీగె. నేటి లెక్కలో దాని అడ్డుకోత సుమారు 1.2 చదరపు మిల్లీమీటర్లు. ‘ఏడు బై ఇరువది’ అనినది సుమారు నాలుగున్నర చదరపు మిల్లీమీటర్లు. మొదటిది దీపములకు, రెండవది పెద్ద సాధనములకు. దీపములకు అయిదు ఆంపియర్ల ప్లగ్గు, పెద్దవానికి పదునైదు ఆంపియర్ల ప్లగ్గు అను విభజనయు ఇట్లే ఏర్పడినది. ఢిల్లీలో ఒకప్పుడు దీపములకును పంకాలకును ఒక మీటరు, ‘పవర్’ వాడుకకు మరియొక మీటరు ఉండెడివి. రెండింటికి ధరలు వేరు. పెద్ద సాధనమును దీపపు ప్లగ్గునకు తగిలింపరాదను నియమము ఆనాడు తీగె కాలకుండుటకు పనికివచ్చెను. రెండు మీటర్లు పోయి ఒకే మీటరు వచ్చిన తరువాత లెక్క సులువైనది గాని, ఏ ప్లగ్గునకు ఏది తగిలించినను భేదము లేదను భ్రాంతి ఇండ్లలో ప్రవేశించినదని నా అభిప్రాయము.

ఇక మన కథలో ముఖ్యఘట్టము అల్యూమినియమునకు సంబంధించినది. రాగి మన దేశమున కొరత వస్తువు. గుంటూరు సీమలో అగ్నిగుండాల ప్రాంతమున రాగి, సీసపు ఖనిజములు కలవని మనవారు సంతోషింతురు గాని, దేశావసరము తీర్చుటకు అవి ఏమూలకు? రాగిలో అధికభాగము విదేశముల నుండి దిగుమతి కావలసినదే. రెండవ పంచవర్ష ప్రణాళికాకాలమున, 1957–58 ప్రాంతమున, విదేశమారకద్రవ్యమునకు వచ్చిన ఇక్కట్టు పెద్దలు మరువలేదు. అల్యూమినియమునకు మూలమైన బాక్సైటు మాత్రము మనకు సమృద్ధి. ఆ దశకమందే తీగెలలో రాగికి మారుగా అల్యూమినియము వాడుక మొదలై, అరువదవ దశకమున గట్టిపడినది. కృష్ణాజిల్లావారైన డాక్టరు కానూరి లక్ష్మణరావుగారు 1963 నుండి దాదాపు పదేండ్లు కేంద్రమున నీటిపారుదల, విద్యుచ్ఛక్తి శాఖకు మంత్రిగా నుండిరి. 1964లో ప్రాంతీయ విద్యుత్ బోర్డులు ఏర్పడి, ఒక రాష్ట్రపు విద్యుత్తు మరియొక రాష్ట్రమునకు ప్రవహింపజేయు యత్నము సాగినది ఆ కాలముననే. అంతటి విస్తరణకు కావలసిన తీగెను రాగితో చేయుట మనకు తలకు మించిన పని.

రాగి వాహకత నూరు అనుకొన్నచో అల్యూమినియమునది సుమారు అరువదియొకటి. అయినను తేలిక లోహ మగుటచేత, అదే ప్రవాహమును అదే నష్టముతో మోయు అల్యూమినియపు తీగె లావైనను బరువులో రాగితీగెకు సగమే. స్తంభముల మీద వ్రేలాడు తీగెకు ఇంతకన్న కావలసిన దేమున్నది? ఆ నిర్ణయము సరియైనదే. చిక్కంతయు అదే లోహమును ఇంటి స్విచ్చిబోర్డులోనికి తెచ్చుటతో వచ్చినది. అల్యూమినియము గాలి తగిలినంతనే పైన ఒక సన్నని పొర కట్టును. ఆ పొర విద్యుత్తును సరిగా పోనీయదు. వేడికి రాగికన్న ఎక్కువ వ్యాకోచించును. మరక్రింద నొక్కినచో మెత్తనిది గనుక క్రమముగా ప్రక్కకు జారి పట్టు వదలును. స్తంభముమీద కలయికలు కొద్ది. వానికి తగిన బిగింపులు వేరుగా కలవు. ఇంటిలోనో, ప్రతి స్విచ్చియు ఒక కలయికయే, ప్రతి ప్లగ్గును ఒక కలయికయే. వేసవి, చలి, వేడెక్కుట, చల్లారుట – ఏండ్ల తరబడి ఇట్లు జరిగి మర వదులగును. వదులైనచోట వేడి, వేడివలన మరింత వదులు.

ఈ అనుభవము మన ఒక్కరిదే కాదు. అమెరికాలో 1965 మొదలు డెబ్బదవ దశకపు తొలియేండ్ల వరకు రాగి ధర పెరిగినందున లక్షలాది ఇండ్లలో అల్యూమినియపు తీగెలు వేసిరి. అచ్చటి వినియోగవస్తు భద్రతా సంస్థ చేయించిన పరిశీలనలో, 1972కు ముందు అట్టి తీగెలు వేసిన ఇండ్లలో ప్లగ్గుల యొద్ద కలయికలు అగ్నిప్రమాద స్థితికి వచ్చు అవకాశము రాగి తీగెల ఇండ్లలోకన్న 55 రెట్లు హెచ్చని తేలినది. సంపన్నదేశము ధరను చూచి చేసినపనిని మనము గత్యంతరము లేక చేసితిమి. ఫలము ఇరువురకు ఒక్కటే. కాలక్రమమున మన ప్రభుత్వ నిర్మాణములును ఇంటిలోపలి తీగెలకు రాగికే మరలినవి. కాని నడుమ నిర్మించిన క్వార్టర్సులు, ఇండ్లు అట్లే నిలిచినవి. వాని గోడలలోని తీగెలును అట్లే నిలిచినవి.

గోడలో తీగె నిలిచియుండగా గదిలోని సాధనములు మారుచువచ్చినవి. ఢిల్లీలో టెలివిజను ప్రసారము ప్రయోగాత్మకముగా 1959లో మొదలైనది. రిఫ్రిజిరేటరు, ఎడారి కూలరు, శీతకాలపు హీటరు, గీజరు, వాషింగు మిషను, ఏ.సి., ఇప్పుడు ఇండక్షను పొయ్యి – ఒకటి వెనుక నొకటి అదే తీగెను ఆశ్రయించినవి. ఇంటి పెద్ద కొత్త సాధనము కొనునపుడు దాని ధర అడుగును, గ్యారంటీ అడుగును, నక్షత్రములెన్ని అని కూడ అడుగును. ఏ తీగెనుండి దీనికి విద్యుత్తు వచ్చునని అడిగినవారిని నేను చూడలేదు.

ఇచ్చట కొంచెము లెక్క చూతము. పాఠకులు విసుగు చెందకుందురు గాక. అయిదు ఆంపియర్ల దీపపు వరుసకై వేసిన 1.5 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియపు తీగె కిలోమీటరునకు సుమారు 18 ఓములు నిరోధించును. మీటరు పెట్టె నుండి చివరి పడకగదికి 20 మీటర్లనుకొన్నచో, పోవుటకు వచ్చుటకు కలిసి 40 మీటర్ల తీగె, నిరోధము 0.72 ఓము. దానిపై 7 ఆంపియర్లు తీసికొను ఏ.సి.ని తగిలించినచో గోడలో వేడియై పోవునది సుమారు 35 వాట్లు. అదేచోట 4 చదరపు మిల్లీమీటర్ల రాగితీగె యుండినచో నష్టము 9 వాట్లు. భేదము 26 వాట్లు. రోజునకు ఎనిమిది గంటలు నడపినచో నెలకు ఆరు యూనిట్లు మిగులును.

ఆరు యూనిట్లేనా అని మీరందురు. నిజమే. తీగెలు మార్చినంతనే బిల్లు సగమగునని చెప్పు వ్యాపారులను నమ్మరాదు. అరువది వాట్ల పాత బల్బులు నాలుగింటికి బదులు తొమ్మిది వాట్ల ఎల్.ఇ.డి. బల్బులు పెట్టి దినమునకు అయిదు గంటలు వెలిగించినచో నెలకు ముప్పది యూనిట్లు ఆదాయగును. 75 వాట్ల పాత పంకా స్థానమున 30 వాట్లతో తిరుగు కొత్తరకపు పంకా నుంచి పదునైదు గంటలు త్రిప్పినచో ఇరువది యూనిట్లు. పొదుపు బల్బుతో మొదలుపెట్టుట న్యాయమే. ప్రభుత్వమును ఆ దారినే నడచినది. శక్తి పొదుపు చట్టము 2001లో వచ్చినది. ఇంధన సామర్థ్య సంస్థ 2002లో ఏర్పడినది. నక్షత్రముల గుర్తులు 2006లో మొదలైనవి. పైకప్పు పంకాలకు అవి 2023 నుండి తప్పనిసరియైనవి. చవుకగా ఎల్.ఇ.డి. బల్బులు పంచు పథకము 2015 జనవరి 5న దేశవ్యాప్తముగా ప్రారంభింపబడి, 36 కోట్లకు పైగా బల్బులను ఇండ్లకు చేర్చినది. దానికి ముందు 2014లోనే ఆంధ్రప్రదేశములోని కొన్ని జిల్లాలలో ఈ పంపిణీ జరిగినదని మనవారు గర్వముగా చెప్పుకొనవచ్చును.

పాత పంకా రెగ్యులేటరును కూడ ఇచ్చటనే తలచుకొనవలెను. ఇటుక వలె బరువైన ఆ నల్లపెట్టె లోపల నిరోధపు చుట్టలు తప్ప మరేమియు లేదు. పంకాను నెమ్మదిగా త్రిప్పుటకు మిగిలిన శక్తిని ఆ చుట్టలు వేడిగా మార్చి గదిలోనికి వదలెడివి. గాలికొరకు పంకా, పంకా కొరకు పొయ్యి! వేగము తగ్గించితిమి గదా, బిల్లును ఆ మేరకు తగ్గునని తలచిన గృహిణులకు ఆ పెట్టె చేసిన మోసము ఇంతయంతయని చెప్పజాలము. నేటి ఎలక్ట్రానిక్ రెగ్యులేటరులో అట్టి నష్టము బహు స్వల్పము. బోర్డులో మార్పు చేయుటచేత నిజముగా శక్తి మిగిలిన సందర్భములలో ఇది యొకటి.

తిరిగి మన ఆరు యూనిట్ల యొద్దకు వత్తము. బిల్లు దృష్టితో 35 వాట్లు అల్పము. కాని అవి గోడలో, గాలి తగులని పైపులో, పాతబడిన తొడుగు క్రింద పుట్టు వేడి యని గమనింపవలెను. ఆ వేడి తీగె పొడవునను సమముగా పంచబడినచో కొంత మేలు. వదులైన కలయిక యొకటి యున్నచో అందలి వేడి అంతయు ఆ గోరంత స్థలముననే చేరును. ప్లగ్గు పసుపు వన్నెకు మారుట, స్విచ్చి యొద్ద చిటచిట ధ్వని, కాలిన వాసన – ఇవన్నియు ఆ గోరంత చోటు మనకు పంపు వర్తమానములు. మీటరులో దీని లెక్క నెలకు కొన్ని పైసలో, రూపాయలో. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమాహాలులో 59 మంది మరణించిన ఘోరమునకు మూలము ట్రాన్స్‌ఫార్మరు యొద్ద సరిగా బిగింపబడని కేబులు కలయిక అని న్యాయస్థానముల విచారణలో తేలినది. అది గృహము కాదు, ప్రవాహము ఎన్నో రెట్లు పెద్దది. వదులైన కలయిక స్వభావము మాత్రము ఎచ్చటనైనను ఒక్కటే.

ఇంటిని కాపాడవలసిన ఫ్యూజు కథ మరింత విచిత్రము. మనము ‘కిట్‌క్యాట్’ అని పిలుచు తెల్లని పింగాణి ఫ్యూజులో సన్నని తీగె నుంచుట దాని ప్రాణార్పణమునకే. ప్రవాహము మితిమీరినపుడు అది కరగి తీగెలను రక్షింపవలెను. కాని వేసవిరాత్రి మాటిమాటికి అది పోవుచుండ, ఇంటి యజమానికో పొరుగింటి చేతిపనివానికో ఓపిక నశించి, రెండు మూడు పోగుల రాగితీగె చుట్టుట మన కాలనీలన్నిటను జరిగినదే. అప్పటినుండి ఫ్యూజు పోదు. కరగవలసిన పని గోడలోని తీగెమీద పడును. ఎం.సి.బి. వచ్చి ఈ బెడదను చాలవరకు తీర్చినది. అయినను సన్నని తీగెకు పెద్ద ఎం.సి.బి. వేసినచో పాతకథయే మరల వచ్చును. ఎం.సి.బి. ఏ.సి.కి తగినట్లు కాదు, తీగెకు తగినట్లు ఎన్నవలెను.

ఎర్తింగు సంగతి వేరు. అది శక్తిని మిగుల్పదు, ప్రాణమును మిగుల్చును. పాతయిండ్లలో రెండు తీగెలే వేసి మూడవదానిని మరచిరి. మూడు రంధ్రముల ప్లగ్గులో పై రంధ్రము అలంకారమునకే మిగిలినది. గీజరు లోపలి తొడుగు చెడినచో షాకు తగులు వరకు తెలియదు. భూమికి కారిపోవు స్వల్పప్రవాహమును పసిగట్టి తక్షణమే సరఫరా నాపు ఆర్.సి.సి.బి. అను సాధనము నేడు దుర్లభము కాదు. మనుష్యుల రక్షణకు 30 మిల్లీ ఆంపియర్లది వాడుదురు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థవారి 2010 నాటి భద్రతా నిబంధనలు ఇట్టి రక్షణను కోరినవి. వానిస్థానమున 2023లో కొత్త నిబంధనలు వచ్చినవి. పాత క్వార్టరులో నివసించువారికి ఈ నిబంధనలు పుస్తకములో నున్నంత మాత్రమున ఏమి ప్రయోజనము?

ఇచ్చటనే మన ఉద్యోగుల ప్రత్యేక స్థితి తలయెత్తుచున్నది. క్వార్టరు మనది కాదు. గోడ త్రవ్వుటకు మనకు హక్కులేదు, మూడేండ్లకో అయిదేండ్లకో వదలిపోవు ఇంటిపై సొంతడబ్బు వెచ్చించుటకు మనస్సొప్పదు. నిర్వహించు శాఖకు ఫిర్యాదు వచ్చిననే కదలిక. బల్బు వెలుగుచున్నంత కాలము తీగె పాతదని ఫిర్యాదు చేయువాడెవడు? ఏ.సి. మనది, తీగె సర్కారుది, నష్టము మాత్రము మన బిల్లులో. 2016లో కేంద్ర మంత్రివర్గము సరోజినీనగరు, నేతాజీనగరు మొదలైన ఏడు కాలనీల పునర్నిర్మాణమును ఆమోదించినది. అట్టి కొత్త కట్టడములు దక్కినవారి సంగతి వేరు. తక్కినవారును, ఉద్యోగ విరమణానంతరము విజయవాడలోనో హైదరాబాదులోనో తండ్రినాటి పాతయింటికి మరలువారును తీగెల సంగతి తామే చూచుకొనవలసియుండును.

చూచుకొనుటకు గోడలన్నియు ఒక్కసారి త్రవ్వనక్కరలేదు. ఏ.సి., గీజరు, వంటింటి పెద్ద ప్లగ్గు – ఈ మూడింటికి పంపిణీపెట్టె నుండి వేర్వేరుగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగితీగెలు, వానితోపాటు ఎర్తు తీగెయు కొత్తగా లాగించినచో భారములో అధికభాగము పాత తీగెపైనుండి దిగును. దీపములకును, పంకాలకును పాత తీగెయే యుండనిచ్చినచో తొడుగు పరీక్ష చేయించి, కలయికలన్నియు బిగింపించవలెను. ఆ తీగె అల్యూమినియమైనచో దానిని రాగితో చుట్టి టేపు వేయు పనివానిని ఆ పని చేయనీయరాదు. దానికి తగిన కనెక్టరులు కలవు. క్వార్టరు స్వాధీనపరచుకొనునపుడు కుళాయిలు, కిటికీ అద్దములు లెక్కపెట్టి సంతకము చేయుదుము గదా. అప్పుడే తీగె ఏ లోహమో, ఎర్తు పరీక్ష ఎప్పుడు జరిగినదో, ఆర్.సి.సి.బి. ఉన్నదో లేదో వ్రాతమూలకముగా అడుగుట మంచిది. ఖాళీ ఇంటిలో పని చేయించుట శాఖకును సులభము. ఇంటిలోని స్విచ్చులన్నియు ఆపి, ప్లగ్గులన్నియు తీసివేసిన పిమ్మట కూడ మీటరుమీది ఎర్రదీపము మినుకుమినుకుమనుచున్నచో ఎచ్చటనో విద్యుత్తు కారుచున్నదని సందేహింపవచ్చును. అనుమతి పొందిన ఎలక్ట్రీషియనును పిలువవలెను. ఆర్.సి.సి.బి. ఉన్న ఇంటివారు దానిమీది పరీక్ష బటనును అప్పుడప్పుడు నొక్కి చూడవలెను. నొక్కినంతనే సరఫరా ఆగవలెను. ఆగనిచో ఆ సాధనము పెట్టెలో నున్నను లేనట్లే.